మీ లైబ్రరీ డాక్స్‌లో ప్రతి ముక్కకీ ఒక చిరునామా ఉండాలంటే ఏం చేయాలి

మీరు రాసిన లైబ్రరీ డాక్స్‌ని, అంటే వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్‌కి మీరు రాసిన వివరణ పేజీల్ని, జనం మొదటి పేజీ నుంచి వరుసగా చదువుకుంటూ వస్తారనుకుంటే ఆ ఆలోచన ముందే పక్కన పెట్టేయండి. ఎవరూ అలా రారు. ఎవరో వాట్సాప్‌లో లింకు పంపితే వస్తారు, లేదా ఎర్రర్ మెసేజ్‌ని గూగుల్‌లో అతికిస్తే వచ్చిన రిజల్ట్ నొక్కి వస్తారు. ఎలా వచ్చినా నేరుగా నడిమధ్యలోనే దిగుతారు. అక్కడ దిగినవాళ్లకి కావలసింది కళ్ల ముందు ఉందా లేదా అన్నదే లెక్క.

నేను విజయనగరంలో ఉంటాను. అంకెల్ని తెలుగు మాటల్లోకి మార్చే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటి నడుపుతున్నాను. 1,25,000 ఇస్తే 'లక్షా ఇరవై ఐదు వేలు' అని చెబుతుంది, బిల్లుల మీదా రసీదుల మీదా వేసుకోడానికి పనికొస్తుంది. రాజాంలో ఫైనలియర్ చదివే ఒకబ్బాయి పలాస జీడిపప్పు షాపుకి బిల్లింగ్ ప్రాజెక్టు చేస్తూ, పైసల్ని ఎలా రౌండ్ చేయాలో అడిగాడు. లింకు పంపాను. రెండు నిమిషాల తర్వాత అతని నుంచి మెసేజ్: 'అన్నా, పేజీ పైనే ఆగిపోయింది, ఇందులో ఏటి చూడాలి?' అప్పటికి మా డాక్స్ మొత్తం ఒకే పేజీ, ఫోన్‌లో తోస్తూ పోతే అంతూ పొంతూ ఉండదు. చివరికి స్క్రీన్‌షాట్ తీసి పంపాను. ఆ స్క్రీన్‌షాట్‌లోంచి అతను కోడ్ కాపీ చేసుకోలేడు, రేపు వెతుక్కుందామంటే దొరకదు, జూనియర్‌కి పంపితే అది ఏ వెర్షన్‌దో తెలీదు. రాసిన మనిషినే నేను, నా డాక్స్‌లో ఒక చోటుని వేలు పెట్టి చూపించలేకపోయాను. ఆ తర్వాత ఆరు నెలల్లో డాక్స్ మొత్తం తిరగరాశాను. మీరైతే అన్నాళ్లు పట్టనవసరం లేదు, ఏ వరుసలో చేస్తే పని తగ్గుతుందో చెబుతాను.

ముందు పాత చాట్లు తిరగేయండి

టూల్స్ జోలికి వెళ్లకముందు ఒక సాయంత్రం కూర్చుని, మీరు జనానికి ఇచ్చిన జవాబులు చూడండి. 'కొంచెం కిందికి వెళ్తే టేబుల్ ఉంటుంది, దాని కింద రెండో పేరా' అని ఎక్కడెక్కడ రాశారో, ఎక్కడ స్క్రీన్‌షాట్ పంపారో, ఎక్కడ డాక్స్‌లో ఉన్నదాన్నే మళ్లీ టైప్ చేశారో ఒక కాగితం మీద రాసుకోండి. అవన్నీ మీ డాక్స్‌లో చిరునామా లేని చోట్లు. ఈ లిస్టు లేకుండా మొదలుపెడితే అందంగా ఉండే థీమ్ ఒకటి పెట్టుకుని తృప్తిపడిపోతాం, అసలు జబ్బు అలాగే ఉంటుంది.

ప్రతి హెడ్డింగ్‌కీ మీరే ఒక ఐడీ ఇవ్వండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. లింకు చివర హ్యాష్ గుర్తు, దాని తర్వాత ఒక పేరు ఉంటుంది కదా, ఆ పేరు పేజీలో ఏ ఐడీతో (ఒక చోటికి కోడ్‌లో పెట్టిన పేరుతో) సరిపోతే బ్రౌజర్ అక్కడికి దూకుతుంది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ పెట్టే షరతులు తక్కువే: ఒక పేజీలో ఆ ఐడీ ఒక్కటే ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా పట్టించుకుంటుంది కాబట్టి అన్నీ చిన్నక్షరాల్లోనే పెట్టేస్తే తర్వాత టెన్షన్ ఉండదు.

చాలా టూల్స్ హెడ్డింగ్‌లోని మాటలనుంచే ఐడీని తయారు చేసేస్తాయి, మనం ఏమీ చేయక్కర్లేదు. చిక్కంతా అక్కడే ఉంది. హెడ్డింగ్‌లో ఒక అచ్చుతప్పు సరిచేస్తే ఐడీ మారిపోతుంది, దాన్ని ఇప్పటికే ఎవరైనా ఎక్కడైనా పెట్టుకుని ఉంటే ఆ లింకు చచ్చిపోయినట్టే. ఇంకో తమాషా, కోడ్ ఉంచుకునే సైటు గిట్‌హబ్‌లో చూడొచ్చు. ఒకే పేజీలో 'ఉదాహరణ' అనే హెడ్డింగ్ మూడుసార్లు వస్తే మొదటిదానికి మామూలు పేరు, తర్వాతవాటికి చివర 1, 2 అని తగిలిస్తుంది. రేపు మీరు వాటన్నిటికీ పైన ఇంకో 'ఉదాహరణ' చేర్చారనుకోండి, అన్నీ ఒక్కో మెట్టు కిందికి జారతాయి. లింకు పనిచేస్తూనే ఉంటుంది, కానీ వేరే చోటికి తీసుకెళ్తుంది. చచ్చిన లింకు కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే చదివేవాడు తప్పు చోట ఉన్నానని గుర్తుపట్టడు, ఆ తప్పు ఉదాహరణనే కాపీ చేసుకుని పోతాడు.

అందుకని ఐడీని చేత్తో రాయండి. డాక్స్‌ని వెబ్‌సైటుగా మార్చే టూల్స్‌లో మీరు స్ఫింక్స్ వాడుతుంటే హెడ్డింగ్‌కి పైన లేబుల్ పెట్టండి. డాక్యుసారస్‌లో అయితే హెడ్డింగ్ చివర మీసాల బ్రాకెట్లలో హ్యాష్ గుర్తు పెట్టి పేరు రాస్తే చాలు. ఎంకేడాక్స్‌లో కూడా దాదాపు అలాగే, కాకపోతే ముందుగా అట్రిబ్యూట్ లిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్‌ని ఆన్ చేసుకోవాలి. ఫంక్షన్లకీ క్లాసులకీ మాత్రం స్ఫింక్స్ మాడ్యూల్ పేరుతో సహా పూర్తి పేరునే ఐడీగా పెట్టేస్తుంది, అది మంచి పద్ధతి, దాన్ని కదపకండి.

మన భాషలో డాక్స్ రాసేవాళ్లకి ఒక మాట. హెడ్డింగ్ తెలుగులోనే పెట్టండి, నేను అలాగే పెడతాను. ఐడీని మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. తెలుగు ఐడీ తప్పేమీ కాదు, బ్రౌజర్లకి అర్థమవుతుంది. కానీ లింకు కాపీ చేసి వేరేచోట అతికించినప్పుడు ఒక్కో తెలుగు గుర్తూ 3 బైట్లుగా విడిపోయి, ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. అంటే ఒక్కో గుర్తుకి 9. గుణింతాలూ, పొల్లూ, సున్నా కూడా విడివిడిగా లెక్కే కాబట్టి 'విజయనగరం' అనే మాట 72 అక్షరాలవుతుంది, 'శ్రీకాకుళం' అయితే 90. వాట్సాప్‌లో అలాంటి లింకు చూస్తే సగంమంది ఏదో మోసం లింకు అనుకుని నొక్కరు.

ఐడీలు హెడ్డింగులకి మాత్రమే అనుకోకండి. పారామీటర్లు (ఫంక్షన్‌కి ఇచ్చే విలువలు) ఉన్న టేబుల్‌లో ప్రతి వరుసకీ, ప్రతి ఎర్రర్‌కీ, సెట్టింగుల్లో ప్రతి ఆప్షన్‌కీ ఇవ్వండి. జనం అడిగేది సాధారణంగా ఈ చిన్న ముక్కల గురించే.

ఆ ఐడీ కంటికి కనబడాలి

లింకు ఉంది, కానీ ఉందని ఎవరికీ తెలియకపోతే ఉన్నా లేనట్టే. కంప్యూటర్లో హెడ్డింగ్ మీద మౌస్ పెడితే పక్కన పేరా గుర్తో గొలుసు గుర్తో వస్తుంది. బాగానే ఉంది, కానీ ఫోన్‌లో మౌస్ ఎక్కడిది? మా డాక్స్ చదివే కుర్రాళ్లలో ఎక్కువమంది హాస్టల్ గదిలో ఫోన్‌లోనే చూస్తారు. కాబట్టి ఆ గుర్తుని ఎప్పుడూ కనబడేలా లేత రంగులో ఉంచేయండి, వేలితో నొక్కేంత పెద్దగా ఉండాలి, నొక్కగానే లింకు కాపీ అయి 'కాపీ అయింది' అని చెప్పాలి.

పైన కదలకుండా ఉండే మెనూ పట్టీ ఉందా మీ సైట్లో? అయితే లింకు నొక్కి వచ్చినప్పుడు హెడ్డింగ్ సరిగ్గా ఆ పట్టీ వెనక దాక్కుంటుంది, చదివేవాడికి దాని కిందున్న పేరా మాత్రమే కనబడి, తప్పు చోటికి వచ్చాననుకుంటాడు. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో స్క్రోల్-మార్జిన్-టాప్ అనే ప్రాపర్టీ ఉంది, హెడ్డింగులకి దాన్ని పట్టీ ఎత్తు కన్నా కాస్త ఎక్కువగా ఇస్తే సరిపోతుంది, ఒక్క వరుస. టార్గెట్ అనే సెలెక్టర్‌తో, ఏ ముక్కకి లింకు వచ్చిందో దానికి లేత పసుపు రంగు వేయండి. టేబుల్‌లో వరుసకి లింకు ఇచ్చినప్పుడు ఈ రంగు చేసే మేలు అంతా ఇంతా కాదు.

పేజీలు ఎలా విడగొట్టాలి, వాటి దారికి ఏం పేరు పెట్టాలి

అంతా ఒకే పేజీలో ఉంటే కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతుక్కోవచ్చనేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో నిజముంది. ఒక్కో ఫంక్షన్‌కి ఒక్కో పేజీ పెట్టేవాళ్లూ ఉన్నారు, అప్పుడు చదివేవాడి సమయమంతా నొక్కడానికే సరిపోతుంది. చిన్న లైబ్రరీకి నా లెక్క ఇదీ: ఒక మనిషి ఒక కూర్చోవడంలో చేసే పనికి ఒక పేజీ. మాకు బిల్లు రాయడం ఒక పేజీ, తేదీలు ఒక పేజీ, ఎర్రర్లు ఒక పేజీ. ప్రతి పేజీకీ టైటిల్ వేరుగా ఉండాలి. అన్నిటికీ లైబ్రరీ పేరే టైటిల్‌గా పెడితే బ్రౌజర్‌లో పది ట్యాబులూ ఒకేలా ఉంటాయి, వాట్సాప్‌లో లింకు కింద వచ్చే ప్రివ్యూ కూడా ఒకేలా ఉంటుంది.

ఇక దారి పేరు, అంటే అడ్రస్ బార్‌లో డొమైన్ తర్వాత వచ్చే భాగం. ఇక్కడ చాలామంది చేసే పని, మెనూలో ఏ విభాగం కింద ఉందో ఆ విభాగం పేర్లన్నీ దారిలో పెట్టేయడం. మన జిల్లాల సంగతి గుర్తు తెచ్చుకోండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఊళ్లు అంగుళం కదలలేదు. రాజాం పిన్‌కోడ్ చూడండి, జిల్లా మారినా ఇప్పటికీ శ్రీకాకుళం వరుసలోని 532తోనే మొదలవుతుంది, విజయనగరం వరుస 535కి మార్చలేదు. మారిస్తే పాత కవరు మీదున్న చిరునామాలన్నీ పనికిరాకుండా పోయేవి. మీ పేజీ దారి పిన్‌కోడ్‌లా ఉండాలి, జిల్లా పేరులా ఉండకూడదు. మెనూలో విభాగాల్ని మీరు ఏడాదికోసారి అటూ ఇటూ మారుస్తారు, మార్చాలి కూడా. దారిలో ఆ విభాగాల పేర్లు లేకపోతే ఎన్నిసార్లు మార్చినా లింకులకి ఏమీ కాదు.

నడిమధ్యలో దిగినవాడికి బోర్డు కనబడాలి

ప్రతి పేజీ పైన మూడు సంగతులు ఉండాలి: ఇది ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, ఇప్పుడు ఏ విభాగంలో ఉన్నాం. కుడివైపు ఆ పేజీలోని హెడ్డింగుల పట్టిక ఉంటే మేలు, ఫోన్‌లో అది పేజీ పైన మడత పెట్టి ఉండాలి. వెనక పేజీ, ముందు పేజీ బటన్లు ఎలాగూ టూల్ ఇస్తుంది.

వెతకడం గురించి మాత్రం కాస్త ఆలోచించండి. రైల్లో మొదటిసారి శ్రీకాకుళం వచ్చేవాళ్లు స్టేషన్ బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్' అని చూస్తారు, కానీ ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, శ్రీకాకుళం వెళ్లాలంటే అక్కడినుంచి ఇంకో పన్నెండు పదమూడు కిలోమీటర్లు ఆటోలోనో బస్సులోనో పోవాలి. మన వాళ్లంతా ఆమదాలవలస స్టేషన్ అనే అంటారు. రెండు పేర్లలో ఏది తెలిసినా మనిషి అక్కడికి చేరాలి కదా. మీ ఫంక్షన్‌కి మీరు పెట్టిన పేరు ఒకటి, జనం నోట్లో ఉండే పేరు ఇంకొకటి. మా లైబ్రరీలో లక్షలు కోట్ల పద్ధతిలో కామాలు పెట్టే ఫంక్షన్ ఉంది. దాని పేరు 'గ్రూపింగ్' అని పెట్టాను. జనం మాత్రం సెర్చ్‌లో 'కామా', 'లక్ష', 'ఇండియన్ ఫార్మాట్' అని కొడుతున్నారు, ఏమీ రావడం లేదు. ఇప్పుడు ఆ పేజీ మొదటి పేరాలో ఆ మాటలన్నీ వాక్యాల్లో వచ్చేలా రాశాను, ఇండెక్స్‌లో కూడా ఆ పేర్లన్నీ చేర్చాను. స్ఫింక్స్‌లో దీనికోసమే ఇండెక్స్ డైరెక్టివ్ అనే ఆదేశం ఉంది.

ఎర్రర్ మెసేజ్‌ని అక్షరం మార్చకుండా హెడ్డింగ్‌గా పెట్టండి, దానికి ఐడీ ఇవ్వండి. ఇంకో అడుగు ముందుకేసి లైబ్రరీ ఎర్రర్ ఇచ్చేటప్పుడే ఆ లింకుని మెసేజ్ చివర చూపించండి. ఇది చేశాక నాకు వచ్చే ప్రశ్నలు బాగా తగ్గాయి. కాకపోతే ఒక బాధ్యత మీద పడుతుంది: ఆ లింకు జనం కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ అయిపోయిన కోడ్‌లో ఉంటుంది, మీరు వెనక్కి తీసుకోలేరు. ఆ చిరునామాని ఎప్పటికీ బతికించాలి.

వెర్షన్లు

పైథాన్ సొంత డాక్స్‌ని చూడండి. దారిలో వట్టి 3 అని ఉంటే ఎప్పుడూ ఇప్పటి పైథాన్ 3 చూపిస్తుంది, 3.12 అని ఉంటే ఆ వెర్షన్‌దే. మీరూ అలా రెండూ ఇవ్వండి. డాక్స్ ఉంచుకునే సైటు రీడ్ ద డాక్స్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి, అక్కడ 'లేటెస్ట్' అంటే విడుదలైన కొత్త వెర్షన్ కాదు, మెయిన్ బ్రాంచిలో, అంటే కోడ్ అసలు ప్రతిలో, ఇంకా పని జరుగుతున్న కోడ్‌కి సంబంధించిన డాక్స్. విడుదలైనది 'స్టేబుల్'. పేరు చూసి లేటెస్ట్ లింకు పంపితే, అవతలివాళ్లు ఇంకా విడుదల కాని ఫంక్షన్‌ని వాడబోయి ఎర్రర్ చూసి బెంబేలెత్తుతారు. కాబట్టి మామూలు జవాబుల్లో స్టేబుల్ లింకు, ఒక బగ్ గురించి మాట్లాడేటప్పుడు వెర్షన్ నంబరున్న లింకు పంపండి.

పాత వెర్షన్ పేజీల మీద 'ఇది పాతది' అని పట్టీ వేస్తే, దానిలోని లింకు కొత్త వెర్షన్‌లో అదే పేజీకి వెళ్లాలి. హోమ్‌పేజీకి పంపడం అంటే, చిరునామా పట్టుకుని వచ్చినవాడిని మళ్లీ ఊరి మొదట్లో దింపినట్టు. ఇంకా పాత పేజీల్లో కొత్త పేజీని చూపించే కనానికల్ లింకు పెట్టండి, సెర్చ్ ఇంజిన్లకి అసలు పేజీ ఏదో తెలుస్తుంది, అయిదేళ్ల కిందటి పేజీ పైకి రావడం తగ్గుతుంది.

మార్చక తప్పనప్పుడు

పేజీ పేరు మార్చక తప్పకపోతే పాత దారి నుంచి కొత్త దారికి 301 రీడైరెక్ట్ పెట్టండి, అంటే 'ఇది శాశ్వతంగా మారింది' అని. ఇక్కడ ఒక మెలిక ఉంది. హ్యాష్ గుర్తు తర్వాత ఉన్న భాగం బ్రౌజర్ దగ్గరే ఉండిపోతుంది, సర్వర్‌కి చేరదు. కాబట్టి 'ఈ హెడ్డింగ్ పేరు మారింది, అక్కడికి పంపు' అని సర్వర్‌కి చెప్పే దారే లేదు. పేజీ దారి మాత్రమే మారి ఐడీలు అలాగే ఉంటే ఫర్వాలేదు, 301 వచ్చినప్పుడు బ్రౌజర్ ఆ హ్యాష్ భాగాన్ని వెంట తీసుకెళ్తుంది. ఐడీయే మారితే మాత్రం కొత్త హెడ్డింగ్ పక్కనే పాత ఐడీతో ఒక ఖాళీ ట్యాగ్ ఉంచేయండి. చూడ్డానికి కనబడదు, ఖర్చు లేదు, పాత లింకు వచ్చి సరిగ్గా అక్కడే ఆగుతుంది. స్ఫింక్స్‌లో ఒకే హెడ్డింగ్ పైన రెండు లేబుళ్లు పెట్టినా చాలు.

ఒక పేజీని రెండుగా చీల్చినప్పుడు పాత చోట చిన్న జావాస్క్రిప్ట్ కావాలి, హ్యాష్ భాగాన్ని చదివి ఈ ఐడీ అయితే ఈ పేజీకి, ఆ ఐడీ అయితే ఆ పేజీకి అని పంపేలా. గిట్‌హబ్‌లోనే సైటు నడిపే గిట్‌హబ్ పేజెస్‌లో మనకి సర్వర్ రీడైరెక్ట్ పెట్టుకునే వీలు ఉండదు, పేజీ తెరుచుకోగానే ఇంకో చిరునామాకి పంపే మెటా రిఫ్రెష్ ట్యాగ్‌తో సరిపెడతాం, దానితో హ్యాష్ భాగం పోతుంది, అక్కడా ఈ జావాస్క్రిప్టే దిక్కు.

మీకు తెలియకుండా ఏదీ మాయమవకూడదు

స్ఫింక్స్‌లో లింక్‌చెక్ ఉంది, మీ పేజీల్లోంచి బయటికి వెళ్లే లింకులు బతికున్నాయో లేదో, హ్యాష్ భాగంతో సహా చూస్తుంది. ఎంకేడాక్స్‌లో స్ట్రిక్ట్ అనే మోడ్ ఉంది, హెచ్చరిక వస్తే బిల్డ్‌ని, అంటే సైటు తయారవడాన్ని, ఆపేస్తుంది. మీ టూల్‌లో ఏది ఉంటే అది వాడండి. కానీ ఇవేవీ బయటివాళ్లు మీకు పెట్టిన లింకుల్ని చూడలేవు. అందుకు నేను చేసేది చెబుతాను: విడుదల చేసిన ప్రతిసారీ అన్ని పేజీల్లోని ఐడీలని ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి తీసి రెపోలో, అంటే ప్రాజెక్టు కోడ్ ఉండే చోట, ఉంచుతాను. తర్వాతి బిల్డ్‌లో ఆ ఫైల్‌లో ఉన్న ఏ ఐడీ అయినా కనబడకపోతే బిల్డ్ ఫెయిల్ అవుతుంది. చేర్చడానికి అడ్డు లేదు, తీసేయాలంటే మాత్రం ఆగి ఆలోచించాలి. ఇరవై వరుసల స్క్రిప్టు, ఇప్పటికి నాలుగుసార్లు నన్ను ఆపింది.

తర్వాత మనిషితో పరీక్ష. మా విజయనగరంలో అయితే మూడు లాంతర్ల సెంటర్ దగ్గర, మీ ఊళ్లో ఎక్కడైనా టీ తాగుతూ ఒక ఫ్రెండ్‌కి ఫోన్‌లో అయిదు లింకులు పంపండి, వైఫై కాకుండా మొబైల్ డేటా మీదే చూడమనండి. నొక్కగానే జవాబు కనబడిందా, వేలు ఎన్నిసార్లు తోశాడు, పక్క పేజీకి వెళ్లి మళ్లీ రాగలిగాడా చూడండి. మీరు నోరు మెదపకూడదు.

చివరిగా, డాక్స్ ఎక్కడ ఉంచుతున్నారో కూడా చూసుకోండి. నాకు తెలిసిన ఒక మంచి ప్రాజెక్టు డాక్స్, రాసినవాళ్లు చదివిన కాలేజీ సర్వర్‌లో స్టూడెంట్ ఫోల్డర్లో ఉండేవి. వాళ్లు పాసై వెళ్లాక అకౌంటు తీసేశారు, ఒక్క రోజులో లింకులన్నీ పోయాయి, వాటిని నమ్ముకుని మేం రాసుకున్న నోట్స్‌లో ఇప్పటికీ ఆ చచ్చిన చిరునామాలే ఉన్నాయి. గిట్‌హబ్ అయితే సొంత అకౌంటు కింద కాకుండా ప్రాజెక్టు పేరుతో ఒక ఆర్గనైజేషన్ తెరిచి అక్కడ పెట్టండి. ఎందుకంటే పేరు మారిస్తే రెపో లింకులు కొత్త పేరుకి వెళ్తాయి గానీ గిట్‌హబ్ పేజెస్ చిరునామా వెళ్లదు. సొంత డొమైన్ కొంటే రెన్యువల్ తేదీని ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి, డొమైన్ లాగిన్ కూడా ఇద్దరి దగ్గరా ఉండాలి.